నాగసాకిలో లేని శిథిలం

జపాన్ వెళ్ళొచ్చే మనవాళ్ళ ప్రయాణాల్లో ఒక వరుస దాదాపు ఖాయమైపోయింది. టోక్యో, క్యోటో, ఒసాకా, మధ్యలో ఒక పూట హిరోషిమా. నాగసాకి ఆ వరుసలో ఉండదు. ఎందుకు వెళ్ళలేదంటే రెండు జవాబులు వినిపిస్తాయి. దూరం అన్నది మొదటిది. "హిరోషిమా చూసేశాక అక్కడ కొత్తగా చూసేదేముంది, డోమ్ లాంటిదైనా లేదు కదా" అన్నది రెండోది. డోమ్ అంటే హిరోషిమాలో బాంబుకి పాడై, శిథిలంగానే ఉంచేసిన కట్టడం.

దూరం సంగతి ఒప్పుకోవాల్సిందే. నా పేచీ రెండో జవాబుతో. నాగసాకిలో డోమ్ లాంటిది ఉండేది, ఉరకామి చర్చి శిథిలం. బాంబు పేలిన చోటికి ఐదువందల మీటర్ల దూరంలో, విరిగిన ఇటుక గోడలతో, మాడిన రాతి విగ్రహాలతో పన్నెండేళ్ళకు పైగా నిలబడి ఉంది. 1958లో దాన్ని పడగొట్టారు. పడగొట్టించింది బయటివాళ్ళు కాదు, దాన్ని కట్టుకున్నవాళ్ళే. అలా ఎందుకు చేశారో తెలుసుకోవడానికి నాగసాకి వెళ్ళాలంటాను. దానికి ఒక పూట చాలదు, రెండు పగళ్ళు కావాలి. పైగా అణుబాంబు మ్యూజియంతో మొదలుపెట్టకూడదు.

ఈ చివరి మాట చాలామందికి నచ్చదు. ఎందుకంటున్నానో చెబుతాను.

రెండు లోయల ఊరు

నాగసాకిని ముందు పైనుంచి చూడాలి. ఇనాసా కొండ ఎత్తు 333 మీటర్లు. ఫుచి గుడి పక్కనుంచి రోప్‌వే ఉంది. రాత్రి దీపాల కోసమని అందరూ చీకటి పడ్డాక ఎక్కుతారు. అప్పుడు దీపాలు కనిపిస్తాయి గాని ఊరి ఆకారం కనిపించదు. పొద్దు గూకడానికి ఒక గంట ముందే పైన ఉంటే రెండూ దక్కుతాయి. రోప్‌వేని ఏటా కొన్ని రోజులు మరమ్మతులకు ఆపుతారు కాబట్టి బయల్దేరేముందు చూసుకోవాలి.

పైన తూర్పుకు తిరిగి నిలబడితే కుడిచేతి వైపు రేవు, దాన్ని ఆనుకుని నకాషిమా నది పారే పాత పట్టణం. ఎడమచేతి వైపు ఉరకామి నది లోయ. రెంటికీ నడుమ అడ్డుగోడలా కొంపిరా కొండ. 1945 ఆగస్టు 9న జరిగినదాన్ని అర్థం చేసుకోవడానికి ఈ మూడింటినీ ఒక్క చూపులో చూడటం కంటే మంచి మొదలు లేదు.

ఆ రోజు అసలు గురి కొకురా. పొగ, మసక కమ్మిన ఆ ఊరిమీద మూడుసార్లు తిరిగినా గురి దొరక్క, ఇంధనం తగ్గిపోతుంటే విమానం నాగసాకి వైపు మళ్ళింది. ఇక్కడా మబ్బులే. వేయాలనుకున్నది పాత పట్టణం నడిబొడ్డున. మబ్బుల్లో సందు దొరికింది మాత్రం అక్కడికి దాదాపు మూడు కిలోమీటర్ల వాయవ్యంలో, ఉరకామి మీద. ఉదయం 11:02కి, నేలకు సుమారు 500 మీటర్ల ఎత్తున ప్లుటోనియం బాంబు పేలింది. ఆ ఏడాది చివరికి చనిపోయినవాళ్ళు దాదాపు 74,000 మంది అని నగరపాలక సంస్థ అంచనా.

లోయ లోపల ఏమీ మిగల్లేదు. కొండకి ఇవతల పాత పట్టణంలో చాలా భాగం దెబ్బతిన్నా నిలిచింది. 1634లో కట్టిన కళ్ళద్దాల వంతెన అణుబాంబుకి కూలలేదు. దాన్ని విరగ్గొట్టింది 1982 జులైలో వచ్చిన వరద. ఈ తేడావల్ల ఊళ్ళో రెండు రకాల ఆగస్టు 9లు ఉండిపోయాయి. పాత పట్టణానికి సువా గుడి దేవుడు పెద్ద దిక్కు. ఆయన తన మనుషుల్ని కాపాడుకున్నాడనీ, క్రైస్తవులైన ఉరకామి వాళ్ళు ఆ గుడికి రారు కాబట్టే వాళ్ళ మీద పడిందనీ అన్నవాళ్ళున్నారు. అణుబాంబు పడిన ఊరంటే ఊరంతా ఒకే దుఃఖంలో ఉండి ఉంటుందనుకుంటాం. ఇక్కడ ఉరకామి వాళ్ళు ఇంటివాళ్ళని పోగొట్టుకున్నాక సాటి ఊరివాళ్ళ నోట ఈ మాట కూడా పడాల్సి వచ్చింది. మ్యూజియంలోకి నేరుగా నడిచేవాళ్ళకు ఈ సంగతి తెలిసే వీలే లేదు.

మొదటి పగలు రేవు వైపు

ఇక్కడికి చేరడం గురించి కాస్త. టోక్యో నుంచయితే విమానమే మేలు. రెండు గంటల ప్రయాణం, విమానాశ్రయం నుంచి స్టేషనుకి బస్సులో ముప్పావుగంట. హిరోషిమా నుంచయితే హకాతా దాకా బుల్లెట్ రైలు షిన్‌కాన్‌సెన్ గంట పైచిలుకు. అక్కణ్ణుంచి రిలే కమోమె అనే ఎక్స్‌ప్రెస్ ఎక్కి తకేఓ-ఒన్‌సెన్‌లో దిగితే, అదే ప్లాట్‌ఫారం అవతలి అంచున కమోమె షిన్‌కాన్‌సెన్ సిద్ధంగా ఉంటుంది. 2022 సెప్టెంబరులో మొదలైన లైను అది. హకాతా నుంచి మొత్తం గంటన్నర. మధ్యలో బండి మారాలని తెలియక నిద్రపోయేవాళ్ళకే ఇబ్బంది.

స్టేషను నుంచి ఐదు నిమిషాలు నడిస్తే నిషిజాకా గుట్ట. 1597 ఫిబ్రవరి 5న 26 మంది క్రైస్తవుల్ని ఇక్కడ శిలువ వేశారు. క్యోటో ప్రాంతంలో పట్టుకుని, చలికాలంలో ఇంత దూరం నడిపించి తెచ్చి మరీ ఇక్కడ చంపారు. క్రైస్తవం బాగా పాకిన ఊరు ఇదే గనక, బెదిరించాలంటే ఇక్కడే బెదిరించాలని. 1614లో దేశమంతటా ఆ మతాన్ని నిషేధించారు. పోర్చుగీసువాళ్ళని ఊరివాళ్ళతో కలవనివ్వకుండా ఉంచేందుకు 1636 నాటికి రేవులో విసనకర్ర ఆకారంలో ఒక కృత్రిమ దీవి కట్టారు. అదే దేజిమా. వాళ్ళని వెళ్ళగొట్టాక 1641లో డచ్చివాళ్ళని తెచ్చి అందులో పెట్టారు. రెండు శతాబ్దాలకు పైగా యూరపు మొత్తానికి జపాన్‌లో ఉన్న తలుపు ఆ ఒక్కటే.

మనకి తెలిసిన డచ్చివాళ్ళే వీళ్ళు. మచిలీపట్నంలో కోఠీ పెట్టుకున్న కంపెనీయే దేజిమాలోనూ వర్తకం చేసింది. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు ఆ ఓడల్లోనే జపాన్ చేరాయి. అక్కడ వాటిని సరాసా అంటారు. దేజిమాలో తిరిగి కట్టిన గోదాములు చూసేటప్పుడు ఇది గుర్తుంటే ఆ దీవి అంత పరాయిదిగా అనిపించదు.

మధ్యాహ్నం ఔరా చర్చి. ఇక్కడ చాలామంది పొరపడతారు. ఔరా వేరు, ఉరకామి వేరు. ఔరా చర్చి దక్షిణాన విదేశీయులు నివసించిన కొండవాలులో 1864లో కట్టింది, ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నది. ఉరకామి చర్చి ఉత్తరాన బాంబు పడిన లోయలోది. ఒకదాని కోసం బయల్దేరి రెండోదానికి చేరితే గంట వృథా. ఔరాకి వెళ్ళాలంటే స్టేషను ముందు ఒకటో నంబరు ట్రామ్ ఎక్కి షించి చైనాటౌన్ స్టాపులో దిగి, ఐదో నంబరు పట్టుకోవాలి. ఐసీ కార్డు, అంటే ముందే డబ్బు వేసుకునే ప్రయాణ కార్డు, ఉంటే ఆ మార్పుకి రెండోసారి డబ్బు పడదు. ట్రామ్ ఎక్కేది వెనక తలుపు, దిగేది ముందు తలుపు, డబ్బు దిగేటప్పుడే. చర్చి టికెట్టు వెయ్యి యెన్లు, లోపల ఫోటోలు తీయనివ్వరు.

ఆ లోపలే 1865 మార్చి 17న ఉరకామి నుంచి కొందరు రైతులు వచ్చి, ఫ్రెంచి ఫాదర్ పెటిజాన్ దగ్గర చేరి, తమ మనసూ ఆయన మనసూ ఒకటేనని చెవిలో చెప్పారు. మరియమ్మ విగ్రహం ఎక్కడుందని అడిగారు. రెండువందల ఏళ్ళకు పైగా ఒక్క ఫాదరు లేకుండా వాళ్ళు ఆ మతాన్ని ఇళ్ళల్లో దాచుకున్నారు. పండగల తేదీలు గుర్తుంచుకుని చెప్పడానికి ఒక పెద్ద, పుట్టిన బిడ్డలకు బాప్తిస్మం ఇవ్వడానికి మరొకరు, కబురు అందించడానికి ఇంకొకరు. ఈ ఏర్పాటుతో ఏడు తరాలు గడిపారు. ఏటా కొత్త సంవత్సరం మొదట్లో అధికారులు క్రీస్తు, మరియమ్మ బొమ్మల పలకల్ని వాళ్ళచేత తొక్కించేవారు. తొక్కి, ఇంటికెళ్ళి క్షమించమని వేడుకునేవాళ్ళు.

బయటపడ్డందుకు శిక్ష తప్పలేదు. ప్రభుత్వం మారినా నిషేధం మారలేదు. 1868 నుంచి ఉరకామి ఊరు ఊరంతటినీ, 3,394 మందిని, దేశంలోని నానా చోట్లకీ తరలించారు. ఆ ప్రవాసాన్ని ఉరకామి వాళ్ళు "తాబి" అంటారు. తాబి అంటే ప్రయాణం. 1873లో నిషేధం తీసేశాక తిరిగొచ్చారు. ఆరువందల మందికి పైగా రాలేదు.

మునసబు ఇంటి స్థలం

తిరిగొచ్చినవాళ్ళు చర్చికి స్థలం వెతుక్కున్నారు. వాళ్ళు కొన్న స్థలం ఊరి పెద్ద ఇల్లు ఉన్నది. మన మునసబు లాంటివాడు ఆయన. ఏటా ఆ పలకల్ని తొక్కించింది ఆ ఇంట్లోనే. ఎక్కడైతే తాతముత్తాతలు తలవంచుకుని అడుగు వేశారో అక్కడే చర్చి కట్టాలనుకున్నారు. బీదవాళ్ళు. 1895లో మొదలుపెడితే 1914కి గాని ప్రార్థనకు తెరవలేకపోయారు. జంట బురుజులు 1925కి పూర్తయ్యాయి. తూర్పు ఆసియాలో అంత పెద్ద చర్చి అప్పట్లో లేదంటారు. ఇరవై ఏళ్ళకే ఆగస్టు 9 వచ్చింది. ఆ సమయంలో లోపల పాపసంకీర్తనం, అంటే ఫాదరు దగ్గర పాపాలు ఒప్పుకోవడం, జరుగుతోంది. ఇద్దరు ఫాదర్లూ, వరుసలో ఉన్న విశ్వాసులూ ఎవరూ మిగల్లేదు. ఉరకామి సంఘంలో ఉన్న 12,000 మందిలో దాదాపు 8,500 మంది పోయారు.

ఇప్పుడు 1958 సంగతికి వద్దాం. శిథిలాన్ని ఉంచాలని నగరం వేసిన సంఘం ఏటా చెబుతూ వచ్చింది. కౌన్సిలు సభ్యులూ ఉంచాలన్నారు. బిషప్పూ చర్చి సంఘమూ ఒప్పుకోలేదు. వాళ్ళకి కొత్త చర్చి కావాలి, అది అదే స్థలంలో కావాలి. పక్కన ఇంకో స్థలం తీసుకోమంటే ఎందుకు కుదరదో మునసబు ఇల్లు గురించి తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. మేయరు మొదట ఉంచుదామన్నవాడే. అమెరికా వెళ్ళొచ్చాక మాట మార్చాడు. 1955లో నాగసాకికీ అమెరికాలోని సెయింట్ పాల్‌కీ సోదర నగరాల ఒప్పందం జరిగింది. ఆ ప్రయాణంలో ఒత్తిడి ఏదో వచ్చిందని నేటికీ అనుమానించేవాళ్ళున్నారు. తిరుగులేని ఆధారం మాత్రం బయటపడలేదు. 1958 మార్చిలో గోడలు కూల్చారు. ఒక ముక్కని పేలుడు కేంద్రం పార్కులో నిలబెట్టారు. 1959కి కొత్త చర్చి లేచింది.

తప్పు చేశారా? ఈ ప్రశ్న దగ్గర నా మనసు రెండుగా ఉంటుంది. హిరోషిమాలో డోమ్‌ని ఉంచాలని కౌన్సిలు తీర్మానించింది 1966లో. నాగసాకి ఇంకో ఎనిమిదేళ్ళు ఓపిక పట్టి ఉంటే ప్రపంచం ఇవాళ రెండు శిథిలాల్ని చూసేది. విరిగిన శిలువ ముందు నిలబడే అమెరికన్ యాత్రికుడికి ఏ మ్యూజియమూ చెప్పలేనిది తెలిసేది. ఆ నష్టం పూడ్చలేనిది. కాని శిథిలాన్ని ఉంచండి అనడం బయటివాళ్ళకు సులువు. రెండువందల ఏళ్ళు దాక్కుని, వెలివేయించుకుని, తిరిగొచ్చి, ఇటుక ఇటుకా పేర్చుకున్నవాళ్ళని, మీ గుడి కూలినట్టే ఉండాలి, లోకం వచ్చి చూడాలి అని ఎవరడగగలరు? వాళ్ళకి అది గుడి. లోకానికి అది సాక్ష్యం. నాకు లోకం వైపే వాదించాలని ఉంది. వాదించేటప్పుడు మాత్రం గొంతు గట్టిగా లేవదు.

శాంతి పార్కులోని కంచు విగ్రహం సంగతి వేరు. దానిమీద నా అభిప్రాయంలో ఊగిసలాట లేదు. 9.7 మీటర్ల ఎత్తు. కుడిచెయ్యి ఆకాశంలోని బాంబుని చూపిస్తుంది, చాచిన ఎడమచెయ్యి శాంతిని. 1955లో పెట్టారు. అప్పటికి హిబాకుషాలకు, అంటే అణుబాంబు బారిన పడి బతికినవాళ్ళకు, వైద్యం చేయించే చట్టం కూడా లేదు, అది 1957లో వచ్చింది. జబ్బుతో, ఆకలితో ఉన్నవాళ్ళకి ఈ విగ్రహం ఎందుకని వాళ్ళే అప్పట్లో అడిగారు. విగ్రహం పెట్టిన మూడేళ్ళకే అసలు గోడలు పడగొట్టారు. అక్కడ ఫోటో దిగి వెనక్కి తిరిగేవాళ్ళు నాగసాకిలో చూడదగ్గవాటిలో అతి తక్కువ చెప్పేదాన్ని చూసి వెళ్తున్నారు.

దేవుడి చిత్తమా

జపాన్‌లో ఒక మాట ఉంది: "ఇకారి నో హిరోషిమా, ఇనోరి నో నాగసాకి." కోపం హిరోషిమాది, ప్రార్థన నాగసాకిది అని. వినడానికి బాగుంటుంది. దాని వెనక ఉన్నది మాత్రం అంత సులువైన సంగతి కాదు.

నాగసాకి వైద్య కళాశాలలో రేడియాలజీ డాక్టరు నగాయ్ తకాషి. ఎక్స్‌రే పనివల్ల బాంబుకు ముందే ల్యుకేమియా వచ్చింది. బాంబుకి భార్య పోయింది. 1945 నవంబరు 23న, కూలిన చర్చి ముందు జరిగిన ప్రార్థనలో ఆయన మాట్లాడుతూ, ఉరకామి వాళ్ళు యుద్ధపాపానికి ప్రాయశ్చిత్తంగా దేవుడు ఎన్నుకున్న బలి అన్నాడు. ఊరివాళ్ళు దేవుడి శిక్ష అంటున్న రోజుల్లో, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులకి ఆ మాట ఆసరా అయ్యుంటుంది. ఏదొచ్చినా దైవేచ్ఛ అనుకుని గుండె రాయి చేసుకోవడం మనకి తెలియనిదేమీ కాదు. కాని అదే మాట ఇంకోపని కూడా చేసింది. దేవుడు తీసుకున్న బలి అయితే బాంబు వేసినవాడిని అడిగేదేముంది, యుద్ధం తెచ్చిపెట్టిన ప్రభుత్వాన్ని అడిగేదేముంది? తర్వాతి తరం హిబాకుషాలు నగాయ్‌ని ఈ విషయంలో గట్టిగానే నిలదీశారు. 1981 ఫిబ్రవరిలో పోప్ రెండో జాన్ పాల్ హిరోషిమాలో నిలబడి "యుద్ధం మనిషి చేసే పని" అన్నప్పుడు, ఉరకామిలో చాలామందికి నోరు తెరవడానికి అనుమతి దొరికినట్టయింది.

నగాయ్ చివరి ఏళ్ళు గడిపిన గుడిసె నియోకోదో ఇప్పటికీ ఉంది. రెండు తతామీ చాపలు పట్టే గది. అందులో పడుకుని రాస్తూ 1951లో పోయాడు. ఆయన మాటతో ఏకీభవించకపోయినా ఆ గది చూడాలి. ఆ మాట ఎంత ఇరుకులోంచి వచ్చిందో అక్కడ తెలుస్తుంది.

మిగిలినవాళ్ళ సంగతి

ఇంతదాకా చెప్పినదాని మీద సరైన అభ్యంతరం ఒకటుంది. చనిపోయిన 74,000 మందిలో ఉరకామి కాథలిక్కులు 8,500. తొమ్మిదిమందిలో ఒకరు. చర్చి కథనే పట్టుకుంటే మిగతా ఎనిమిదిమంది ఏమైపోవాలి? ఈ ప్రశ్న నన్ను నిజంగా ఇబ్బంది పెడుతుంది. జవాబుగా చెప్పగలిగింది, నడిచేటప్పుడు వాళ్ళని కూడా వెతుక్కోవాలని.

శాంతి పార్కు ఉన్న గుట్ట ఒకప్పుడు జైలు. అక్కడున్న 134 మందీ చనిపోయారు. వాళ్ళలో చైనీయులూ కొరియన్లూ ఉన్నారు. విగ్రహానికి వెళ్ళే దారిలోనే జైలు గోడల పునాదులు నేలమట్టంలో కనిపిస్తాయి. పక్కనుంచే వేలమంది నడిచిపోతుంటారు. బలవంతపు కూలీకి తెచ్చి, ఇక్కడ బాంబుకి గురైన కొరియన్ల కోసం 1979లో పెట్టిన చిన్న రాయి పేలుడు కేంద్రం పార్కు అంచున ఉంది. పెర్ల్ హార్బర్ మీద వాడిన టార్పెడోలు తయారైంది ఈ లోయలోని మిత్సుబిషి ఆయుధ కర్మాగారంలోనే. బడిపిల్లల్ని కూడా ఆ కర్మాగారాల్లో పనికి పెట్టారు.

జపాన్ చేసినదాన్ని ఈ ఊరు చెప్పుకోదన్న విమర్శ తరచూ వింటాం. మనకి ఆ విమర్శ చేసే హక్కు కొంత ఉంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన విమానాలు ర్యూజో అనే జపాన్ యుద్ధనౌక నుంచి లేచినవే. కాని నాగసాకి మొత్తాన్ని ఒకే గాట కట్టే ముందు మోతోషిమా హితోషి గురించి తెలియాలి. దాక్కున్న క్రైస్తవుల వంశంలో పుట్టి ఈ ఊరికి మేయరయ్యాడు. 1988 డిసెంబరులో, చక్రవర్తి మరణశయ్య మీద ఉన్నప్పుడు, యుద్ధానికి చక్రవర్తి బాధ్యత కూడా ఉందని నిండు కౌన్సిల్లో అన్నాడు. మాట వెనక్కి తీసుకోమని ఎంత ఒత్తిడి వచ్చినా తీసుకోలేదు. 1990 జనవరిలో సిటీ హాలు ముందే ఒక జాతీయవాది ఆయన్ని తుపాకితో కాల్చాడు. బతికాడు. ప్రార్థన చేసే ఊరు నోరు మెదపదన్న మాట ఈ ఒక్కడి ముందు నిలవదు.

రెండో పగలు నడిచే దారి

ఒకటో నంబరు గాని మూడో నంబరు గాని, అకసాకో వైపు వెళ్ళే ట్రామ్. పాత పుస్తకాల్లో మత్సుయామా-మాచి, హమాగుచి-మాచి అని రాసిన స్టాపుల పేర్లు 2018లో శాంతి పార్కు, అణుబాంబు మ్యూజియం అని మారాయి. వాటికంటే ముందొచ్చే దైగకు బ్యోయిన్, అంటే యూనివర్సిటీ ఆసుపత్రి స్టాపులో దిగాలి. జేఆర్ రైళ్ళ ఉరకామి స్టేషనులో దిగితే చర్చి దగ్గరే అనుకుంటారు. అక్కణ్ణుంచి కిలోమీటరుకు పైగా ఎత్తు ఎక్కాలి.

పొద్దున్న ఎనిమిదికల్లా మొదలుపెడితే ముందు సన్నో గుడి. మెట్లు ఎక్కగానే ఒంటికాలి మీద నిలబడిన రాతి తోరీ, అంటే గుడి ముందుండే తోరణం. పేలుడు కేంద్రానికి 800 మీటర్లు. కేంద్రం వైపున్న స్తంభం కూలి, రెండోది పైదూలం ముక్కతో సహా నిలిచిపోయింది. కూలిన ముక్కలు పక్కనే పడుకోబెట్టి ఉంటాయి. దీనికి కిందనున్న మొదటి తోరీ బాంబుకి చెక్కుచెదరకపోయినా 1962లో ఒక వాహనం గుద్ది కూలింది. గుడి ముందు రెండు కర్పూరం చెట్లు. మాడి మోడైపోయి మళ్ళీ చిగిర్చినవి. మానుల్లో తొర్రలు, కాలిన నలుపు కనిపిస్తాయి. ఇరవై నిమిషాలు వాటి కింద కూర్చోవడానికి కేటాయించుకోవాలి.

అక్కణ్ణుంచి వైద్య కళాశాల పాత గేటు. 1.2 మీటర్ల మందం ఉన్న రాతి స్తంభం పునాది మీదే జరిగి ఒరిగి ఉంది. తర్వాత ఉరకామి చర్చి. అది ప్రార్థన జరిగే గుడి. టోపీ తీసేయాలి, ఫోటోలు వద్దు, పెళ్ళో చావో ఉంటే బయటే ఆగాలి. చిన్న మందిరంలో చెక్క మరియమ్మ తల ఒకటి ఉంటుంది. గాజు కళ్ళు కరిగిపోయి గుంటలు మిగిలాయి, ఒక చెంప మాడింది. శిథిలాల్లో ఒక సన్యాసికి దొరికి, ఎన్నో ఏళ్ళు హొక్కైదోలో ఉండి తిరిగొచ్చింది. 2010లో దాన్ని స్పెయిన్‌లోని గెర్నికాకి తీసుకెళ్ళారు, అదీ బాంబుదాడికి గురైన ఊరే. ఉరకామి శిథిలంలో మిగిలినవాటిలో డోమ్‌కి సమానమైన బరువున్నది నా దృష్టిలో ఇదే. అరచేతుల్లో పట్టేంతది.

చర్చి దిగి పది నిమిషాలు నడిస్తే శాంతి పార్కు. కింది వీధి నుంచి ఎస్కలేటరు ఉంది. విగ్రహం కంటే దానికి ఎదురుకొసన ఉన్న నీళ్ళ ఫౌంటెన్ దగ్గర ఎక్కువసేపు ఆగాలి. నీళ్ళు నీళ్ళు అంటూ పోయినవాళ్ళ కోసం 1969లో కట్టారు. దాహానికి తాళలేక, నూనె తేలుతున్న నీళ్ళని అలాగే తాగేశానని ఒక చిన్నపిల్ల రాసిన మాటలు రాతి మీద చెక్కి ఉన్నాయి. ఆ తర్వాత పేలుడు కేంద్రం పార్కు: నల్లరాతి స్తంభం, చర్చి గోడ ముక్క. చాలామంది ఇక్కడితో వెళ్ళిపోతారు. వాగు వైపు మెట్లు దిగితే 1945 నాటి నేల పొర అద్దం వెనక అలాగే ఉంది. పెంకులు, ఇటుకలు, కరిగిన గాజు, గిన్నెలు.

అప్పుడు మ్యూజియం. ఒంటిగంటకి లోపలుంటే నాలుగింటికి బయటికొస్తారు. టికెట్టు చాలా ఏళ్ళుగా 200 యెన్లే. మ్యూజియంని ముందు పెట్టుకుంటే ఏమవుతుందంటే, అందులోంచి బయటికొచ్చాక కొండలెక్కే ఓపిక ఎవరికీ ఉండదు. ఉరకామి, సన్నో రెండూ తప్పిపోతాయి. అలాగని మ్యూజియం చూడకుండా తోరీ చూస్తే అది విరిగిన రాయి మాత్రమే అనేవాళ్ళ మాటా కొట్టిపారేయలేను. నా సమాధానం ఇది: పొద్దున చూసిన గోడ మ్యూజియంలో నిలువెత్తు నమూనాగా మళ్ళీ ఎదురవుతుంది. అప్పటికి అది ఎవరి గోడో తెలిసి ఉంటుంది. 11:02 దగ్గర ఆగిన గడియారం, కరిగి ముద్దయిన జపమాలలు, గాజులో అతుక్కుపోయిన చేతి ఎముకలు. పదేళ్ళలోపు పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు కాలిన దేహాల ఫోటోల గది గురించి ముందే ఆలోచించుకోవాలి.

మ్యూజియంలోంచే 2003లో తెరిచిన స్మారక మందిరానికి దారి. డబ్బు కట్టనక్కర్లేదు. నేల కింద పన్నెండు గాజు స్తంభాలు పేలుడు కేంద్రం దిశగా వరుసగా నిలబడి ఉంటాయి. చివర చనిపోయినవాళ్ళ పేర్ల పుస్తకాలు. మాట్లాడకుండా కూర్చోవడానికి ఇంత మంచి చోటు హిరోషిమాలో కూడా లేదంటాను.

ఓపిక మిగిలితే నది దాటి షిరోయామా బడి. కేంద్రానికి 500 మీటర్లు. ఇళ్ళ దగ్గరున్న పిల్లలతో కలిపి 1,400 మంది దాకా పోయారని అంచనా. నిలిచిన కట్టడంలో ఒక భాగాన్ని చిన్న మ్యూజియంగా ఉంచారు, పక్కనే ఇప్పటికీ బడి నడుస్తోంది. అక్కడ గట్టిగా మాట్లాడటం, పిల్లల్ని ఫోటోలు తీయడం చేయకూడదు.

ఒక్క రోజే ఉందనేవాళ్ళకి నా సలహా: దేజిమా వదిలేయండి, ఇనాసా వదిలేయండి, నిషిజాకా గుట్ట ఒక పావుగంట చూసి పై దారిలో నడవండి. ఆగస్టు 9నే వెళ్ళాలనుకునేవాళ్ళు హోటలు నెలల ముందే తీసుకోవాలి. ఆ పొద్దున పార్కు చుట్టూ దారులు మూసేస్తారు, ఎండ చాలా గట్టిగా ఉంటుంది. 11:02కి సైరన్ మోగగానే ఊరు ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఆగస్టు 15 రాత్రి ఆ ఏడు పోయినవాళ్ళని పడవల్లో సాగనంపే షోరో నగాషి ఉంటుంది. వీధి పొడుగునా చెవులు చిల్లులు పడేలా టపాకాయలు కాలుస్తారు, చెవుల్లో పెట్టుకోవడానికి ఏదైనా ఉండాలి. శాకాహారులు ఇక్కడి నూడుల్స్ వంటకం చాంపోన్ జోలికి పోకూడదు. ముక్కలు తీసేయమన్నా పులుసు ఎముకలతో కాచిందే.

బతికున్న హిబాకుషాల సంఖ్య 2025లో లక్షకన్నా తగ్గింది, సగటు వయసు 86 దాటింది. వాళ్ళ నోట వినే వీలు ఇంకా కొన్నేళ్ళే. మ్యూజియం తరఫున స్వచ్ఛంద గైడ్లు వెంట నడుస్తారు. ముందుగా అడిగి పెట్టుకుంటే ఒంటరిగా తిరిగేటప్పుడు కనపడనివి చూపిస్తారు.

శిథిలమంతా పోలేదన్నది మాత్రం మరిచిపోకండి. పేలుడుకి ఉరకామి చర్చి ఉత్తరపు బురుజు గోపురం, ఐదున్నర మీటర్ల వెడల్పున్నది, దొర్లి కింది వాగులో పడింది. పదుల టన్నుల బరువు, కదిలించే దారి లేక వాగునే పక్కకి మళ్ళించారు. 1958లో పైనున్నదంతా తీసేసినా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడది చర్చి ఉత్తరపు వాలులో, నాచు పట్టి, పడినచోటే ఉంది. ఆ బురుజులోని చిన్నగంట పగిలిపోయింది. రెండో బురుజు పెద్దగంటని మట్టిలోంచి తవ్వితీసి 1945 క్రిస్మస్ ముందురాత్రి మోగించారు. పగిలిన గంట చోటు ఎనభై ఏళ్ళు ఖాళీగానే ఉంది. అమెరికా కాథలిక్కులు చందాలు పోగుచేసి పోయించి పంపిన గంటని అందులో వేలాడదీసి, 2025 ఆగస్టు 9న 11:02కి రెంటినీ కలిపి కొట్టారు. చీకటిపడేలోపు ఆ వాలు దిగితే గోపురం ముక్క మీద చెయ్యి వేసేంత దగ్గరగా వెళ్ళొచ్చు.